గుర్రం భుజానికి తల రుద్దితే

అమ్మడూ, చిన్నోడా,

ఆదివారం విశాఖ బీచ్‌లో గుర్రం ఎక్కామని ఫోన్లో చెప్పారు. సంతోషం. కానీ దిగాక అమ్మడు అడిగిన మాటే రెండు రోజులుగా నా మనసులో తిరుగుతోంది. "తాతయ్యా, ఆ గుర్రం గుర్రపాయన భుజానికి తల అదే పనిగా రుద్దుతోంది. ఆయనంటే దానికి అంత ఇష్టమా?" అన్నావు. అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇష్టం ఉండే ఉంటుంది. ఆ రుద్దుడు మాత్రం దురద.

మీ బాబాయి పెళ్ళి ఆల్బమ్ తీసి హోమం ఫొటో చూడండి. మే నెల. వాడి నుదుట బాసికం, దాని దారం చెవుల మీదుగా వెనక్కి తిప్పి బిగించి ముడేశారు. నుదుటి మీద చెమట, చెమటలో కుంకుమ, జుట్టులో తలంబ్రాల బియ్యం, కళ్ళలో పొగ. గోక్కుందామంటే ఒక చేత్తో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నాడు, ఇంకో చేతిలో నెయ్యి వేసే గరిటె ఉంది. చివరికి నేతిగిన్నె అందించడానికి వంగిన మీ నాన్న భుజానికి నుదురు ఆనించి అటూ ఇటూ రుద్దేశాడు. ఫొటో చూసినవాళ్ళంతా అన్నదమ్ముల అనురాగం అన్నారు. ఆ ముడి వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

కళ్ళెం గుర్రానికి బాసికం. నుదుటి పట్టీ పొట్టిదైతే చెవుల మొదళ్ళను ముందుకు లాగి ఒరుస్తుంది. అచ్చం ఆ దారమే. తోలు మీద నిన్నటి చెమట ఎండి ఉప్పు పేరుకుంటే గరుకెక్కుతుంది. గుర్రం చెమటలో సబ్బులా నురగెత్తే పదార్థం ఒకటుంది, లేథరిన్ అంటారు. పట్టీ ఒరిసే చోట తెల్లగా నురగ కట్టేది అందుకే. ఇక పెళ్ళికొడుకు నోట్లో ఒక చెంచా కూడా అడ్డంగా పెట్టారనుకోండి. కళ్ళెంలోని ఇనుప కడ్డీ అలా ఉంటుంది. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ చిగురుంటుంది, కడ్డీ కూర్చునేది అక్కడ. పైగా బాసికం ఒక్క ముహూర్తానికే, గుర్రానికి రోజూ ముహూర్తమే.

నా చిన్నప్పుడు తెనాలి స్టేషన్ నుంచి అమ్మమ్మగారింటికి జట్కాలో వెళ్ళేవాళ్ళం. జట్కా సాయిబుగారు నన్ను ముందు తన పక్కన, గడ్డి మోపు మీద కూర్చోబెట్టుకునేవారు. ఉలవలు ఉడికిన వాసన, తోలు వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. ఒకసారి ఇల్లు చేరాక నేను గుర్రం తల దగ్గర నిలబడ్డాను. అది వచ్చి నా ఛాతీకి నుదురు వేసి రుద్దింది. నాకు తొమ్మిదేళ్ళు. లోకంలో నా అంత గొప్పవాడు లేడనిపించింది, ఇంకా దగ్గరికి జరిగాను. అంతలో కళ్ళెం రింగు నా చొక్కా జేబులో చిక్కుకుంది. గుర్రం బెదిరి తల ఒక్కసారిగా పైకెత్తింది. నా కాళ్ళు నేల మీంచి లేచాయి. జేబు చిరిగింది కాబట్టి బతికిపోయాను.

సాయిబుగారు గుర్రాన్ని కొట్టలేదు, నన్ను తిట్టలేదు. "నువ్వు గుంజవి కాదు బాబూ, పక్కకి నిలబడు" అన్నారు. పగ్గం పట్టుకుని మెల్లగా మాట్లాడుతూ అది తల దించేదాకా ఆగారు. కళ్ళెం విప్పి, మెడకు తాడు వేసి, తడిగుడ్డతో చెవుల వెనక, నుదురు, బుగ్గలు తుడిచారు. తర్వాత వేళ్ళతో గోకారు. ఆ గుర్రం కింది పెదవి వేలాడేసి, కళ్ళు సగం మూసింది. ఆ ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఆ మాట మీకూ చెబుతున్నాను. గుర్రం రుద్దడానికి వస్తే గుంజలా నిలబడకండి. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, సరిగ్గా నుదుటి ముందు ఉన్నది దానికి కనపడదు. మిమ్మల్ని చూస్తూ రుద్దడం లేదన్నమాట. పక్కకు జరగండి. అలాగని మూతి మీద కొట్టకూడదు. కొడితే దురద పోదు, చెయ్యి ఎత్తితే చాలు బెదిరే అలవాటు మిగులుతుంది. చేతులు లేనివాళ్ళ దురద చేతులున్నవాళ్ళే తీర్చాలి, నాన్నా. ముక్కు పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. తోలు రోజూ తుడవాలి.

ఇవన్నీ చేసినా రుద్దుతుంటే నోరు చూపించాలి. గుర్రం పళ్ళు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి. పై దవడ కాస్త వెడల్పు కాబట్టి పై పళ్ళ బయటి అంచులు అరగక పదునెక్కి బుగ్గను కోస్తాయి. పశువుల డాక్టరు ఆకురాయితో వాటిని అరగదీస్తారు.

ఈసారి బీచ్‌కి పొద్దువాలే వేళ వెళ్ళండి. ఎక్కక్కర్లేదు, నాలుగడుగుల దూరంలో పక్కగా నిలబడితే చాలు. గుర్రం డొక్క మీద ఈగ వాలినప్పుడు, వాలిన ఆ కాస్త మేరే చర్మం ఎలా అదురుతుందో చూడండి. మిగతా ఒళ్ళు కదలదు. అంత పెద్ద జంతువుకు ఈగ కాలు తెలుస్తుంది! డెబ్బై దాటినా అది కనబడితే నేను అడుగు వెయ్యలేను. ఆ ఒంటి మీద ఒక ముడి ఎంత బరువో ఊహించండి.

కళ్ళెం విప్పేదాకా ఉండండి. విప్పాక అది మొదట ఏ చెవి వెనక గోకించుకుంటుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య