లేజర్ లెవెల్ కొంటున్నారా? గీతలెన్నో కాదు, గీత ఎంత నిజమో చూడండి (అపోహలు - వాస్తవాలు)

గోడ మీద అడ్డంగా, నిలువుగా మట్టం తప్పని వెలుగు గీతలు వేసే పరికరమే లేజర్ లెవెల్. దాని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మూడే కనిపిస్తాయి: ఎన్ని లైన్లు, గ్రీనా కాదా, ఎన్ని మీటర్లు. ఇంటి పనికి కావాల్సిన సంగతులు మాత్రం పక్కన చిన్న అక్షరాల్లో ఉంటాయి. 10 మీటర్లకు ఎన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది, ఎన్ని డిగ్రీల వాలు దాకా గీత తనంతట తనే సర్దుకుంటుంది, అడుగున స్టాండు బిగించడానికి ఏ సైజు మర ఉంది. తక్కువ ధరలో కొనేవాళ్లు ముందు వీటినే చదవాలి. ఇక అపోహల్లోకి వద్దాం.

అపోహ: లైన్లు ఎక్కువుంటే పరికరం మంచిది.

వాస్తవం: "12 లైన్లు" అంటే 12 వేర్వేరు గీతలేమీ కావు. గది చుట్టూ తిరిగొచ్చే గీతలు మూడు, అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలుగా లెక్కేస్తే 12 అవుతాయి. అలాంటివి నాలుగుంటే 16 అని రాస్తారు. షెల్ఫు, ఫొటో ఫ్రేములు, కర్టెన్ రాడ్, వంటింటి క్యాబినెట్లు బిగించడానికి ఒక అడ్డగీత, ఒక నిలువు గీత ఉన్న మామూలు క్రాస్ లైన్ లేజర్ చాలు. ఫాల్స్ సీలింగో, నాలుగు గోడలకూ టైల్సో వేస్తుంటే 360 డిగ్రీల అడ్డగీత నిజంగా పని తగ్గిస్తుంది. నేల టైల్స్ మొదటి వరసలకు మూలమట్టం కావాలంటే లంబకోణంలో ఉండే రెండు నిలువు గీతలు పనికొస్తాయి. ఈ పనులేవీ లేనివాళ్లు ఆ డబ్బును మంచి స్టాండుకు పెట్టడం మేలు.

అపోహ: రెడ్ కన్నా గ్రీన్ లేజర్ కచ్చితంగా చూపిస్తుంది.

వాస్తవం: రంగుకీ కచ్చితత్వానికీ సంబంధం లేదు. పగటి వెలుతురులో మన కంటికి బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గరి కాంతి. గ్రీన్ లేజర్లు 520 చుట్టుపక్కల, రెడ్ లేజర్లు 635 - 650 మధ్య ఉంటాయి. అందుకే అంతే శక్తితో వెలిగినా, 635 రెడ్‌తో పోలిస్తే గ్రీన్ మూడు రెట్లకు పైగా కాంతివంతంగా కనిపిస్తుంది. బ్యాటరీ మాత్రం సాధారణంగా గ్రీనే ఎక్కువ తాగుతుంది. కర్టెన్లు వేసి పని చేసుకోగలిగితే ఇంట్లో రెడ్ సరిపోతుంది. పెద్ద కిటికీలున్న గదిలో పగలే పని అంటే గ్రీన్ తీసుకోండి.

కొన్నిటితో పాటు ఎర్ర కళ్లజోడు ఇస్తారు. అది రెడ్ గీత బాగా కనపడటానికే తప్ప కంటి రక్షణకు కాదు.

అపోహ: "±3 మి.మీ." అని రాశారు, అంటే నా షెల్ఫు 3 మి.మీ. వంకర పోతుంది.

వాస్తవం: ఆ అంకె పక్కన దూరం ఎంత రాశారో చూడాలి. మామూలుగా అది 10 మీటర్లకు. అంటే మీటరుకు 0.3 మి.మీ. మూడు మీటర్ల దూరంలోని గోడ మీద తేడా 0.9 మి.మీ. దాటదు. మొద్దుబారిన పెన్సిల్ గీతే అంత మందం ఉంటుంది. 10 మీటర్లకు ±5 అని ఉన్నా అదే గోడ మీద ఒకటిన్నర మి.మీ. దూరం రాయకుండా ఊరికే "1 మి.మీ. కచ్చితత్వం" అని ఉంటే ఆ మాటకు విలువ లేదు. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ముందు రెండింటినీ మీటరు లెక్కకు మార్చుకోండి. ఒకరు 5 మీటర్లకు, ఇంకొకరు 10 మీటర్లకు రాస్తారు, చూడ్డానికి చిన్న అంకెదే గెలుపులా ఉంటుంది.

లేజర్ గీతకు కూడా మందం ఉంటుంది. ఐదు మీటర్ల దగ్గర అది సుమారు 2 మి.మీ. ఒక గుర్తు గీత పై అంచున, ఇంకో గుర్తు కింది అంచున పెడితే పరికరం తప్పేమీ లేకుండానే 2 మి.మీ. పోతాయి. పని మొదట్లోనే ఏ అంచో అనుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

అపోహ: కొత్త పరికరం కదా, సరిగ్గానే ఉంటుంది.

వాస్తవం: చవక వాటిలో అసలు చిక్కు ఇదే. ఒకే మోడల్లో ఒకటి చక్కగా ఉంటుంది, పక్క పెట్టెలోది తప్పుతుంది. రవాణాలో ఎన్ని దెబ్బలు తిన్నదో పెట్టె చెప్పదు. వెనక్కి ఇచ్చే గడువు ముగిసేలోపు ఒక అరగంట కేటాయించి ఇలా పరీక్షించండి.

ఎదురెదురు గోడల మధ్య 5 మీటర్లున్న గది లేదా వరండా కావాలి. ఒకటి తలుపు గోడ, ఇంకోటి కిటికీ గోడ అనుకుందాం. పరికరాన్ని స్టాండు మీద తలుపు గోడకు జానెడు దూరంలో నిలిపి, గీత కుదురుకున్నాక ఆ గోడ మీద గుర్తు పెట్టండి. ఎత్తు కదలకుండా పరికరాన్ని కిటికీ గోడ వైపు తిప్పి అక్కడా గుర్తు పెట్టండి. ఇప్పుడు స్టాండును కిటికీ గోడకు జానెడు దూరానికి మార్చి, గీత సరిగ్గా ఆ గోడ మీది గుర్తును తాకేలా ఎత్తు సర్దండి. తర్వాత తలుపు గోడ వైపు తిప్పి రెండో గుర్తు పెట్టండి. తలుపు గోడ మీద ఇప్పుడు రెండు గుర్తులున్నాయి. వాటి మధ్య దూరమే తీర్పు. కాంతి వెళ్లి రావడం 10 మీటర్లు కాబట్టి, మీటరుకు 0.3 అని రాసిన పరికరానికి 3 మి.మీ. దాకా ఒప్పుకోవచ్చు. గది 4 మీటర్లే అయితే 2.4. అంతకు మించితే వెనక్కి పంపండి.

రెండోది, అడ్డగీత పక్కకు ఒరుగుతోందేమో చూడటం. ఎదుటి గోడ మీద గీత మధ్యభాగం పడేచోట గుర్తు పెట్టి, పరికరాన్ని మెల్లగా తిప్పుతూ గీత ఎడమ కొస, ఆపై కుడి కొస అదే గుర్తు మీదకు తెండి. మూడుసార్లూ ఒకే ఎత్తులో తాకాలి.

మూడోది నిలువు గీతకు. రెండు మీటర్ల దారానికి బరువు కట్టి వేలాడదీసి, బరువును నీళ్ల బకెట్‌లో మునగనివ్వండి, ఊగడం త్వరగా ఆగుతుంది. బరువు బకెట్ అంచుకో అడుగుకో తగలకూడదు. గీతను దారం పై కొసకు కలిపి కింద చూడండి. మిల్లీమీటరు మించి పక్కకు జరిగితే అనుమానించాల్సిందే.

పాస్ కాని పరికరాన్ని విప్పి లోపలి స్క్రూలు తిప్పబోకండి, వారంటీ పోతుంది. వెనక్కి ఇవ్వడం కుదరకపోతే ఒక ఉపాయం ఉంది. లెవెల్ కలపాల్సిన రెండు చోట్లకూ సరిగ్గా మధ్యలో పరికరాన్ని పెట్టి, దాన్ని తిప్పుతూ గీతలోని అదే భాగంతో రెండు వైపులా గుర్తు పెట్టండి. తప్పు రెండు వైపులా సమానంగా పడి రద్దయిపోతుంది. సర్వే చేసేవాళ్ల పాత కిటుకే ఇది.

అపోహ: సెల్ఫ్ లెవెలింగ్ ఉందిగా, ఎలా పెట్టినా పర్లేదు.

వాస్తవం: లోపల వేలాడే లోలకమే ఆ పని చేస్తుంది. చాలావాటికి దాని హద్దు ±3 లేదా ±4 డిగ్రీలు. దాటితే గీత మిణుకుమంటుంది లేదా ఆరిపోతుంది. కొనగానే ఇది చూడండి: గీత దగ్గర గుర్తు పెట్టి, పరికరాన్ని కాస్త వంచి వదలండి. గీత ఊగి మళ్లీ అదే గుర్తు మీద ఆగాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే లోలకం ఎక్కడో పట్టేస్తున్నట్టు. దానికి ఏ సర్దుబాటూ పనిచేయదు.

లోలకాన్ని కదలకుండా పట్టే లాక్ మీట దగ్గరా జాగ్రత్త. లాక్ వేసి కూడా గీత వెలిగించే మోడళ్లున్నాయి. మెట్ల వాలుకో, ఏటవాలు డిజైన్‌కో అది వరం. కానీ ఆ గీతకు మట్టంతో పని లేదు. లాక్ తీయడం మరిచిపోయి క్యాబినెట్లు బిగించేస్తే ఎవరో చూసి చెప్పేదాకా తెలియదు. పరికరాన్ని జరిపేటప్పుడు, సంచిలో పెట్టేటప్పుడు మాత్రం లాక్ వేసే తీరాలి. లేదంటే లోలకం కొట్టుకుని దాని ఇరుసు అరుగుతుంది.

అపోహ: 30 మీటర్లు అని రాశారు, బయట గోడకు కూడా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ అంకె మసక వెలుతురులోది. ఎండలో ఏ రంగు గీతైనా కంటికి ఆనదు. అక్కడ గీతను పసిగట్టి చెప్పే రిసీవర్ కావాలి. పరికరంలో పల్స్ మోడ్ (రిసీవర్ గుర్తుపట్టేలా గీతను చాలా వేగంగా వెలిగించి ఆర్పే పద్ధతి) లేకపోతే రిసీవర్ కొన్నా దండగ. "మాది మరీ బ్రైట్" అనే వాటి లేబుల్ మీద లేజర్ భద్రతా క్లాస్ చూడండి. ఇంటికి క్లాస్ 2 చాలు, దాని శక్తి 1 మిల్లీవాట్ లోపే. 3ఆర్ అయితే 5 మిల్లీవాట్ల దాకా పోవచ్చు, పిల్లలున్న ఇంట్లో దాని అవసరం లేదు.

అపోహ: స్టాండు తర్వాత చూసుకోవచ్చు, ప్రస్తుతానికి స్టూలు, పుస్తకాలు చాలు.

వాస్తవం: గీతను 2 మి.మీ. పైకి జరపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది పుస్తకాల సంగతి. అడుగున పావు అంగుళం మర ఉంటే మామూలు కెమెరా ట్రైపాడ్ పట్టేస్తుంది. 5/8 అంగుళాల మరకు అడాప్టర్ కావాలి. మర అసలు లేని పరికరం ఎంత చవకైనా వదిలేయండి.

అపోహ: లేజర్ లెవెల్‌తో దూరం తెలుస్తుంది, గోడలో వైర్లు తెలుస్తాయి.

వాస్తవం: రెండూ తెలియవు. వాటికి వేరే పరికరాలున్నాయి.

అపోహ: గీత ప్రకారం బిగిస్తే చూడ్డానికీ తిన్నగానే ఉంటుంది.

వాస్తవం: గది తిన్నగా ఉంటే. సీలింగ్ ఒక పక్కకు దిగి ఉంటే, దానికి దగ్గరగా పక్కా మట్టంతో పెట్టిన షెల్ఫే వంకరగా కనిపిస్తుంది. అలాంటిచోట లాక్ వేసి, గీతను సీలింగ్‌కు సమాంతరంగా వంచి బిగించడం తప్పేమీ కాదు.

నేల క్యాబినెట్లకు ముందు నేలను చదవాలి. గోడ మీద అడ్డగీత వేసి, అరమీటరుకోసారి గీత నుంచి నేలకు టేపుతో కొలవండి. 912, 908, 915 అని వచ్చాయనుకోండి. చాలామంది 915 దగ్గర నేల ఎత్తు అనుకుంటారు. తప్పు, తక్కువ కొలత వచ్చిన 908 దగ్గరే నేల ఎత్తు. మొదటి క్యాబినెట్ అక్కడ నిలబెట్టి, మిగతావాటి కాళ్ల కింద ఎత్తు పెంచుకుంటూ పోవాలి. 915 దగ్గర మొదలుపెడితే ఎత్తు దగ్గరికి వచ్చేసరికి 7 మి.మీ. కోయాల్సి వస్తుంది.

అపోహ: కింద పడినా వెలుగుతోంది, ఏమీ కాలేదు.

వాస్తవం: వెలగడం వేరు, మట్టం వేరు. పడ్డాక మళ్లీ పరీక్ష చేయాల్సిందే. మొదటిసారి చేసిన పరీక్ష ఇక్కడ అక్కరకొస్తుంది. తలుపు గోడ మీది రెండు గుర్తులకూ సరిగ్గా మధ్య బిందువు, కిటికీ గోడ మీది గుర్తుతో నిజమైన మట్టంలో ఉంటుంది, పరికరంలో తప్పున్నా సరే. ఆ రెండు బిందువులనూ చిన్నగా చెరగకుండా ఉంచుకోండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా తలుపు గోడ దగ్గర పరికరం నిలిపి, గీతను ఆ మధ్య బిందువుకు కలిపి, కిటికీ వైపు తిప్పి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇప్పుడు కాంతి వెళ్లేది ఒకవైపే కాబట్టి 5 మీటర్లకు ఒకటిన్నర మి.మీ. దాకానే మన్నింపు.