ట్యాంకు ఒకటే, బకెట్లే లెక్కకు అందవు

"మా సర్వర్‌కి ఉన్న మెమరీ 16 జీబీ. నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపించే టాప్ కమాండ్ కొడితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాసెస్‌లు 40 కనిపిస్తున్నాయి, ఒక్కోటి 3.8 జీబీ తింటోంది. కూడితే 150 దాటుతోంది. ఎలా సాధ్యం? పైగా నెలాఖరు సాయంత్రాలు రిపోర్టులు తీసేటప్పుడు అంతా పడిపోతోంది" అని ఒక పాఠకుడు అడిగారు.

అపార్ట్‌మెంట్ మీదుండే నీళ్ల ట్యాంకుని తలుచుకోండి. నలభై ఫ్లాట్లకీ అది ఒక్కటే. ఎవరైనా వచ్చి "మీకు నీళ్లెన్ని ఉన్నాయి?" అంటే ప్రతి ఇంటివాళ్లూ ఆ ట్యాంకునే చూపిస్తారు. రాసుకుని కూడితే పైన నలభై ట్యాంకులున్నట్టు తేలుతుంది. పోస్ట్‌గ్రెస్ కనెక్షన్‌కో ప్రాసెస్‌ని పుట్టిస్తుంది కానీ, టేబుళ్ల పేజీలని, అంటే డేటా ముక్కలని, షేర్డ్ బఫర్స్ అనే ఉమ్మడి చోట ఉంచుతుంది. వీళ్ల సర్వర్‌లో దానికి 4 జీబీ ఇచ్చారు. అందులో ఏ పేజీని ముట్టుకున్నా టాప్ దాన్ని ఆ ప్రాసెస్ ఆర్ఈఎస్ (మొత్తం వాడకం) ఖాతాలో రాసేస్తుంది. పక్కనున్న ఎస్‌హెచ్‌ఆర్ (ఉమ్మడి వాడకం) అంకెని అందులోంచి తీసేయండి, సొంత వాడకం దాదాపుగా తెలుస్తుంది. మన కాలేజీల్లో మెమరీని పేజీలుగా పంచే పేజింగ్ మీద పది మార్కుల ప్రశ్న ఇస్తారు, ఈ రెండు కాలమ్‌లు చదవడం మాత్రం నేర్పరు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

కాబట్టి ట్యాంకు దోషం లేదు. ముంచుతున్నవి బకెట్లు, అంటే ఒక్కో ప్రాసెస్ తన పనికి విడిగా తీసుకునే మెమరీ.

వర్క్ మెమ్ అనే సెట్టింగ్ మామూలుగా 4 ఎంబీ. వీళ్లు 64కి పెంచారు. చాలామంది దాన్ని ఇంటికిచ్చే కోటా అనుకుంటారు. అది బకెట్ సైజు మాత్రమే, ఇంటికెన్ని బకెట్లో దానికి సంబంధం లేదు. క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) ప్రతి సార్ట్‌కీ (వరస పెట్టడానికి) ఒక బకెట్, ప్రతి హ్యాష్‌కీ (వెతుకులాటకి వాడే తాత్కాలిక పట్టికకి) ఒక బకెట్. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి హ్యాష్ బకెట్ రెట్టింపు సైజు. రెండు హ్యాష్‌లు, ఒక సార్ట్ ఉన్న రిపోర్ట్ తీసుకోండి. డేటా అంత ఉంటే 128, 128, 64 కలిపి 320 ఎంబీ. నలభై మంది ఒకేసారి తీస్తే 12,800 ఎంబీ, అంటే 12.5 జీబీ. ట్యాంకు 4 జీబీ కలిపితే 16 దాటిపోయింది! ప్యారలల్ క్వెరీ అయితే సాయానికొచ్చే వర్కర్లు చుట్టాల్లాంటివాళ్లు, వాళ్ల బకెట్లు వాళ్లకి వేరే కావాలి.

అప్పుడు లైనక్స్ కెర్నల్ ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్‌ని పంపి ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. చచ్చింది ఒక్కటే అయినా కనెక్షన్లన్నీ ఎందుకు తెగుతాయి? నాకు భలే ఇష్టమైన భాగం ఇదే. ఆ క్షణంలో దాని చెయ్యి ట్యాంకులో ఉందేమో, నీళ్లు పాడయ్యాయేమో. కాపలా కాసే పోస్ట్‌మాస్టర్, అంటే పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్, ఆ అనుమానాన్ని వదలదు. అందర్నీ బయటికి పంపి, ట్యాంకు ఖాళీ చేసి, లాగ్‌లో రాసుకున్న మార్పులు చూసుకుంటూ డేటాని సరిచేసి, అప్పుడే తలుపు తీస్తుంది.

దసరాకి సర్వర్‌కి బొట్టు పెట్టే ఆఫీసులున్నాయి. ఆయుధపూజ మన ఆచారం, నాకు అభ్యంతరం లేదు. రోజూ తెల్లవారుజామున 3 గంటలకి రీస్టార్ట్ పెట్టి "అప్పట్నుంచి బాగుంది" అనడం మాత్రం మూఢనమ్మకమే. నెలాఖరు సాయంత్రం ఆ బకెట్లు మళ్లీ వస్తాయి.

బకెట్ చాలకపోతే క్వెరీ ఆగిపోదు, మిగిలింది డిస్క్ మీద తాత్కాలిక ఫైల్‌లో పెట్టుకుని కాస్త నెమ్మదిగా పూర్తి చేస్తుంది. అందుకని అందరికీ చిన్న బకెట్ ఇచ్చి, రిపోర్ట్ నడిచే ట్రాన్సాక్షన్ వరకే సెట్ లోకల్ ఆదేశంతో పెద్దది ఇవ్వండి. ముందు కనెక్షన్లని వరసలో నిలబెట్టే పీజీబౌన్సర్ పెట్టి ఒకేసారి పది మందినే లోపలికి వదిలితే, పాత 64 ఎంబీ బకెట్లతోనే ఆ రిపోర్టులు 3,200 ఎంబీలో సరిపోతాయి.