“అన్నా, నాయిస్ మొత్తం తీసెయ్”: స్టూడెంట్ ఫిల్మ్ సౌండ్‌పై అపోహలు - వాస్తవాలు

విద్యార్థుల షార్ట్ ఫిల్ములకు సౌండ్ ఎడిటింగ్ చేస్తుంటాను. హార్డ్ డిస్క్ చేతిలో పెడుతూ దాదాపు అందరూ అడిగేది పై మాటే.

అపోహ: నాయిస్ అస్సలు వినపడకపోతేనే సౌండ్ బాగున్నట్టు.

వాస్తవం: ఒకే తీరుగా సాగే ఫ్యాన్ హోరుకు చెవి కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది. కట్ దగ్గర, అంటే షాట్ మారే చోట, అది ఠక్కున ఆగితేనే ప్రేక్షకుడి ధ్యాస చెదురుతుంది. ఈమధ్య ఒక వంటింటి సీను చేశాను. తల్లి క్లోజప్‌లో ఫ్రిజ్ గుర్రుమంటోంది, కొడుకు క్లోజప్‌లో ఆ చప్పుడే లేదు. మాట్లాడే మనిషి మారినప్పుడల్లా ఫ్రిజ్ ఆగుతోంది, మొదలవుతోంది. తల్లి డైలాగుల మధ్య ఖాళీల్లో దొరికిన ఫ్రిజ్ చప్పుడును ముక్కలుగా ఏరి, అతికి, కొడుకు షాట్ల కింద కూడా పరిచాను. ఇద్దరి మాటలనూ వేర్వేరు ట్రాకుల్లో పెట్టి, కట్‌కు అటూ ఇటూ నాలుగైదు ఫ్రేములు లాగి క్రాస్‌ఫేడ్ ఇచ్చాను, అంటే ఒకటి తగ్గుతుండగా రెండోది పెరిగేలా కలిపాను. అప్పుడు గానీ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు అనిపించలేదు.

ఆ గదిలో ఒక్క నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే చప్పుడు) రికార్డ్ చేసి ఉంటే ఈ ఏరుకునే పనే ఉండేది కాదు. సామాను సర్దకముందే, అందరూ కదలకుండా నిలబడి రికార్డ్ చేయండి. మైకు, లైట్లు, ఫ్యాను షాట్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి.

అపోహ: నాయిస్ రిడక్షన్ ఎంత పెంచితే అంత క్లీన్.

వాస్తవం: గొంతూ హోరూ చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీల్లో కలిసిపోయి ఉంటాయి. ఎక్కువ లాగితే గొంతు కూడా ఊడి వస్తుంది. ‘స’, ‘శ’ మొద్దుబారి, మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. నేను మామూలుగా నాయిస్‌ను 6 డెసిబెల్స్ తగ్గించి ఆగిపోతాను. దానికంటే ముందు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్) పెడతాను, గుడగుడ చాలావరకు అక్కడే పోతుంది. మన కరెంటు హమ్ 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150. వాటిని సన్నటి నాచ్‌లతో, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే ఫిల్టర్లతో, తీస్తాను.

అపోహ: మ్యూజిక్ వేస్తే కప్పేస్తుంది.

వాస్తవం: మ్యూజిక్ తగ్గిన చోటల్లా అతుకులు బయటపడతాయి.

అపోహ: ఏముంది, డబ్బింగ్ చెప్పించేద్దాం.

వాస్తవం: డబ్బింగ్‌లో వచ్చేది గొంతు మాత్రమే. అడుగుల చప్పుడు, చీర రెపరెప, గ్లాసు బల్లమీద పెట్టిన శబ్దం, గది హోరు అన్నీ పోతాయి. ఒక్కొక్కటీ మళ్లీ చేయాలి. అందుకే ముందు మిగతా టేకులు వినమంటాను. పాడైన ఆ ఒక్క మాట మూడో టేక్‌లో శుభ్రంగా దొరికిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి.