కందకంలో బురద, అటకలో ఎలుకలు

చిన్నా, బుజ్జీ,

వచ్చే వారం మీ బడివాళ్లు నార్ఫోక్‌లోని ఆక్స్‌బరో హాల్‌కి తీసుకెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చుట్టూ నీళ్ల కందకం చూసి కోట అనుకునేరు! అది ఒక భూస్వామి ఇల్లు. 1482లో సర్ ఎడ్మండ్ బెడింగ్‌ఫెల్డ్‌కి దానికి రాజుగారి అనుమతి వచ్చింది.

ఇంగ్లండులో ఇలా కందకం తవ్వుకున్న పాత స్థలాలు సుమారు 6,000 ఉన్నాయి. ఎక్కువగా 1250–1350 మధ్యవి. చాలావాటి కందకాలు సైన్యాన్ని ఆపేవేం కావు. దొంగల్నీ పశువుల్నీ ఆపుతాయి, అంతే. అసలు సంగతి దర్జా. పైగా చేపలు పెంచుకోవచ్చు.

పురావస్తువాళ్లకి మాత్రం ఆ అడుగు బురదంటే ప్రాణం. అందులోకి గాలి చొరదు. గాలి లేకపోతే చెక్కనీ తోలునీ కుళ్లబెట్టే బూజు బతకదు. అందుకే చెప్పులు, చెక్క గిన్నెలు, పండ్ల గింజలు వందల ఏళ్లు నిలుస్తాయి. వంతెన దుంగ దొరికితే దాని వలయాలు చూసి చెట్టు ఎప్పుడు కొట్టారో చెప్పగలుగుతారు.

ఒక చిక్కుంది. ఇంటివాళ్లు అప్పుడప్పుడు పూడిక తీయిస్తారు కదా, మొదటి తరాల చెత్త దాంతోపాటే పోతుంది. మిగిలేది ఆఖరివాళ్లదే. మరి మొదటి సంగతి ఎలా తెలియాలి? తవ్విన మట్టిని మధ్యలో పోసి ఇంటికి మెరక చేసేవారు. ఆ మెరక కింద పాత నేల అలాగే ఉండిపోతుంది. అక్కడ ఒక్క కుండ పెంకు దొరికినా, కందకం ఆ కుండ కంటే ముందుది కాదని తేలిపోతుంది. నాకు ఈ ఉపాయం భలే నచ్చుతుంది.

ఆక్స్‌బరోలో మాత్రం నిధి దొరికింది అటకలో! 2020లో పైకప్పు బాగుచేస్తూ నేలచెక్కలు తీస్తే రెండు పాత ఎలుక గూళ్లు బయటపడ్డాయి. వాటిలో 200కు పైగా గుడ్డ ముక్కలు: పట్టు, మఖమల్, తోలు. ఎలుకలు కొరికి తెచ్చి పరుపు వేసుకున్నవి. చూరు దగ్గరి చెత్తలో పనివాడొకడికి 15వ శతాబ్దపు చర్మపత్రం ముక్క కనిపించింది. దాని మీద లాటిన్ కీర్తన, నీలం, బంగారు రంగులు మెరుస్తూనే ఉన్నాయట. చెక్కల మీద పడ్డ సున్నం తేమంతా పీల్చేసింది మరి. నిండా తడిసినా నిలుస్తుంది, పూర్తిగా ఎండినా నిలుస్తుంది. తేమా గాలీ కలిసిన చోటే వస్తువు కుళ్లుతుంది.

అక్కడే రెండో ప్రపంచ యుద్ధం నాటి చాక్లెట్ పెట్టె కూడా దొరికింది. ఖాళీది! తిని అక్కడ దాచిందెవరో మీరే ఊహించి నాకు రాయండి.

మీ తాతయ్య