గడ్డి బేలును కట్టేదేమిటి? ఇనుప తీగ నుంచి ప్లాస్టిక్ వల దాకా

చనిపోయిన ఆవు పొట్ట కోసి చూస్తే లోపల ఉండలు కట్టిన ప్లాస్టిక్ వల. ఎండుగడ్డి బేళ్ల (నొక్కి కట్టిన పెద్ద కట్టల) చుట్టూ బిగించే ఆ వలను తీసేయకుండా మేతలో వేసిన చోట్ల పశువైద్యులకు ఇది ఎదురవుతూనే ఉంది. దీన్ని ప్లాస్టిక్ యుగం తెచ్చిన కొత్త సమస్య అనుకుంటాం. కానీ గడ్డిని నొక్కి బేళ్లుగా కట్టే యంత్రం, అంటే బేలర్ చరిత్రను కాస్త వెనక్కి తిరగేస్తే, గడ్డిని దేంతో కట్టినా అది పశువు కడుపులోకి చేరుతూనే వచ్చిందని తెలుస్తుంది.

గడ్డిని నొక్కడం అంత కష్టమైన పని కాదు. 19వ శతాబ్దంలోనే గుర్రాలతో నడిచే ప్రెస్సులుండేవి. అవి ఒకేచోట పాతుకుని ఉండేవి, గడ్డినే వాటి దగ్గరికి మోసుకెళ్లాలి. అసలు చిక్కంతా కట్టడం దగ్గరే. నొక్కిన గడ్డి ఊరుకోదు, వదిలేస్తే మళ్లీ ఉబ్బుతుంది. బిగువు సడలకుండా ముడి వేయాలి, అదీ మనిషి చెయ్యి పడకుండా.

ఆ ముడి మొదట కుదిరింది గడ్డికి కాదు, ధాన్యం పనలకు. 1870లలో అమెరికాలో వచ్చిన బైండర్లు కోసిన పంటను ఇనుప తీగతో కట్టేవి. తీగ ముక్కలు నూర్పిడిలో ధాన్యంలో కలిసి పిండిమరల దాకా వెళ్లాయి, గడ్డిలో మిగిలినవి పశువుల పొట్టల్లోకి పోయాయి. రైతులు గట్టిగా గొడవ చేశారు. ఆ దశాబ్దం చివర్లో జాన్ యాపిల్‌బీ పురికొసతో ముడివేసే యంత్రాంగం కనిపెట్టాక తీగ బైండర్లు తెరమరుగయ్యాయి. ఆ పురికొస కోసం మెక్సికోలోని యుకటాన్‌లో కిత్తనార జాతి మొక్కల తోటలు విపరీతంగా పెరిగాయి. వాటిలో చాకిరీ చేసిన మాయా కూలీల బతుకు దాదాపు బానిసత్వమే. బైండర్ కథలో ఇది చెప్పుకోకుండా వదిలేసే భాగం. వదిలేయకూడదు.

గడ్డి బేలర్ మాత్రం చాలాకాలం వెనకబడే ఉంది. చేలో నడుస్తూ గడ్డిని ఎత్తుకునే యంత్రాలు వచ్చాక కూడా, వాటి మీద ఇద్దరు కూర్చుని దుమ్ములో చేత్తో తీగ కట్టేవారు. 1930ల చివర పెన్సిల్వేనియాలో ఎడ్విన్ నోల్ట్ తనంతట తానే పురికొసతో ముడివేసే బేలర్ తయారుచేశాడు. 1940లో న్యూ హాలండ్ కంపెనీ దాన్ని చేపట్టింది. ఒక మనిషి ఎత్తగలిగే పాతిక కిలోల చిన్న బేలు అప్పటినుంచి అందరికీ అలవాటైంది. తీగ బేళ్లూ పక్కన కొనసాగాయి. పొట్టలోకి పోయిన తీగ జీర్ణకోశాన్ని చీల్చి గుండె దాకా గుచ్చుకోకుండా ఆవుల చేత అయస్కాంతం మింగించే పద్ధతి ఇప్పటికీ ఉంది. యంత్రం చేసిన గాయానికి పశువు కడుపులో మందు పెట్టుకున్నట్టు.

గుండ్రటి బేలు ఆలోచన కూడా పాతదే. నెబ్రాస్కాకు చెందిన ఉమ్మో లూబెన్‌కు 1910లోనే పేటెంట్ దొరికింది. ఆలిస్-చామర్స్ కంపెనీ దాన్ని 1947లో మార్కెట్లోకి తెచ్చింది. అసలు మలుపు 1971లో వచ్చింది. అయోవాలో గ్యారీ వర్మియర్ టన్ను బరువుండే గుండ్రటి బేలు చుట్టే యంత్రం తయారుచేశాడు. బేళ్లు మోసే కూలీలు దొరకని రైతుకు అది నిజంగా ఊరట. అయితే అంత బరువును మనిషి కదపలేడు, వాలులో దొర్లితే ప్రాణం తీస్తుంది.

పెద్ద బేలుకు పురికొస చుట్టాలంటే ట్రాక్టర్ ఆపి చాలా చుట్లు తిప్పాలి. 1980లలో వచ్చిన వల రెండు మూడు చుట్లతో పని ముగిస్తుంది, వాన నీటినీ కొంత ఆపుతుంది. అందుకే అంత త్వరగా పాకింది. ఈలోగా పురికొస కూడా నార నుంచి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కు మారింది.

నార పురికొస నేలలో కుళ్లిపోతుంది. పాలీఇథిలీన్ ప్లాస్టిక్ వల కుళ్లదు, ఆవు పొట్టలో మేత పులిసే పెద్ద గది అయిన రుమెన్‌లో జీర్ణం కాదు. చలిదేశాల్లో మంచు గడ్డకట్టి వల బేలుకు అతుక్కుంటే దాన్ని ఊడదీయడం నరకం. అందుకే కొందరు వలతో సహా గడ్డిని ముక్కలు చేసి మేపేస్తారు. తీసిన వలకు గడ్డి, మట్టి అంటి ఉండటంతో రీసైక్లింగ్ కూడా కష్టం. సైలేజ్ (పులియబెట్టి దాచే పచ్చిమేత) బేళ్లకు చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ విషయంలో ఐర్లాండ్ 1997లోనే చట్టం చేసి, అమ్మే కంపెనీలే దాన్ని వెనక్కి సేకరించే ఏర్పాటు పెట్టింది. వలకూ అలాంటి బాధ్యత ప్రతిచోటా తయారీదారు మీదే పెట్టాలి. చలిలో వేళ్లు కొంకర్లు పోతుండగా వల విప్పే రైతు మీద ఆ భారమంతా వేయడం అన్యాయం.