మురుగునీళ్లు ముందే చెప్పాయి

వానలు పడగానే వరంగల్‌లో మళ్లీ అదే పంచాయితీ. కడుపుబ్బరం, తిన్నది అరగకపోవడం, రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలు, మెట్లెక్కితే నీరసం. ఓపీ లైన్లో నిలబడ్డవాళ్లలో చాలామంది ఒకటే మాట చెబుతారు: కరోనా వచ్చిపోయినప్పటి నుంచే ఇట్లా ఉంది. డాక్టర్లలో కొందరు వయసు, టెన్షన్, బయటి తిండి అంటారు. ఇంకొందరు ఆర్ఎంపీల వైపు వేలు చూపిస్తారు, అప్పట్లో వాళ్లు యాంటీబయాటిక్‌లు ఇష్టమొచ్చినట్టు మింగించారని. ఆ ఎండాకాలం ఎవరూ తలుపు తియ్యని రోజుల్లో ఇంటికొచ్చి నాడి పట్టింది ఎవరని ఆర్ఎంపీల ఎదురు ప్రశ్న. మందుల షాపుల్లో మాత్రం పేగులకు మంచి బ్యాక్టీరియాను ఇస్తాయని అమ్మే ప్రోబయోటిక్ పొట్లాలు బాగా పోతున్నాయి.

వైరస్ ఎక్కడ పుట్టింది, లాక్‌డౌన్ ఎన్నాళ్లు నడిచింది అన్నవి అందరికీ తెలిసినవే. ఈ తగాదా అర్థం కావాలంటే నేరుగా 2020 ఆగస్టుకు, హైదరాబాద్ మురుగు కాల్వల దగ్గరికి వెళ్లాలి.

అక్కడి సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నీళ్లు తెచ్చి వైరస్ ఆనవాళ్లు వెతికారు. సోకినవాళ్ల మలంలో ఆ ఆనవాళ్లు 35 రోజుల వరకు పడుతూనే ఉంటాయన్న లెక్క మీద, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. మరునాటి నుంచి గొడవంతా ఆ లక్షల చుట్టూ తిరిగింది. సర్కారు లెక్క ఎంత, అసలు లెక్క ఎంత అని. 35 రోజుల సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. గొంతులో నెగెటివ్ వచ్చిన మనిషి పేగుల్లో వైరస్ ఇంకా ఏం చేస్తోందన్న ప్రశ్న అప్పుడే అడగాల్సింది. నా లెక్కలో దారి తప్పింది అక్కడే. కొవిడ్ అంటే ఊపిరితిత్తుల జబ్బు అని రాసేసుకున్నాం. ఆక్సిజన్ 95 దాటితే నయమైనట్టే అనుకున్నాం.

ప్రశ్న వేరేచోట అడిగారు. వైరస్ మన కణాల్లోకి దూరడానికి పట్టుకునే ఏసీఈ2 అనే గ్రాహకాలు చిన్నపేగు గోడ మీద దండిగా ఉంటాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ బృందం, జబ్బు వచ్చి నాలుగు నెలలైన 14 మంది పేగుల నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే ఏడుగురిలో వైరస్ జాడ దొరికింది. అది 2021 జనవరి. అదే నెలలో హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ వాళ్లు 100 మంది రోగుల మలం పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. పేగు గోడకు మేలు చేసే ఫీకాలిబాక్టీరియం, బిఫిడోబాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా రకాలు తగ్గిపోయాయి. వైరస్ పోయి నెలయినా అవి పూర్తిగా తిరిగి రాలేదు. ఏడాది తర్వాత అదే బృందం 106 మందిని ఆరు నెలలపాటు వెంబడించి చూసింది. నీరసం, మతిమరుపు, జుట్టు రాలడం లాంటివి మిగలనివాళ్ల పేగుల్లో మంచి బ్యాక్టీరియా మామూలు స్థితికి వచ్చింది. బాధలు మిగిలినవాళ్లలో రాలేదు.

ఆ 2021 జనవరి తర్వాత మూడు నెలలకే మన దగ్గర సెకండ్ వేవ్. మే 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి కొవిడ్ వార్డులకు వచ్చారు. పక్కనున్న సెంట్రల్ జైలు స్థలంలో పెద్దాసుపత్రి కడతామన్నారు. అప్పుడు అందరికీ కావాల్సింది బెడ్లు, సిలిండర్లు. ఆ మాట కాదనలేం. బెడ్డు దొరకనివాళ్లు, దొరుకుతుందన్న ఆశే లేనివాళ్లు ఇంట్లోనే మందులు మింగారు.

మా చిన్నమ్మది నర్సంపేట వైపు పల్లె. ఆ నెల మందులన్నీ ఆమె ఒక స్టీలు డబ్బాలో ఇప్పటికీ దాచుకుంది, పారేస్తే జబ్బు తిరిగొస్తుందేమోనన్న భయంతో. మూత తీస్తే యాంటీబయాటిక్‌లు, అంటే అజిత్రోమైసిన్ రెండు కోర్సుల ఖాళీ స్ట్రిప్పులు, డాక్సీసైక్లిన్ ఒకటి. ఇంకా సగం వాడిన స్టెరాయిడ్, పరాన్నజీవుల మందు ఐవర్‌మెక్టిన్, వాటి మీద గ్యాస్ బిళ్ల పాంటోప్రజోల్. ఆ చివరిది మాత్రం ఇప్పటికీ కొత్తది కొంటూనే ఉంది. “అప్పటి సంది నా కడుపు నా మాట ఇంటలేదు బిడ్డా” అంటుంది.

ఆ డబ్బా ఒక్క ఆర్ఎంపీ పని కాదు. జ్వర సర్వేల్లో సర్కారు ఇంటింటికీ పంచిన కిట్లలోనూ యాంటీబయాటిక్ ఉండేది. పట్నం డాక్టర్లు రాసిన చీటీల్లోనూ అదే. 2020 జూన్ నుంచి సెప్టెంబరు వరకే మన దేశంలో మామూలుకన్నా 21.6 కోట్ల యాంటీబయాటిక్ డోసులు ఎక్కువగా అమ్ముడయ్యాయని అమ్మకాల లెక్కలు పరిశీలించినవాళ్లు తేల్చారు. ఇంటి దగ్గర ఉన్న రోగికి అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ పనిచెయ్యవని బ్రిటన్‌లో ‘ప్రిన్సిపల్’ అనే మందుల ట్రయల్ 2021 జనవరిలోనే చెప్పింది. కేంద్రం డాక్సీసైక్లిన్‌ను, ఐవర్‌మెక్టిన్‌ను స్వల్ప లక్షణాల చికిత్స నుంచి తీసేసిన మార్గదర్శకాలు జూన్ మొదట్లో బయటికొచ్చాయి. అప్పటికి ఊళ్లల్లో స్ట్రిప్పులన్నీ ఖాళీ.

యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. అయితే నేరమంతా మందులదేనని కూడా అనలేం. హాంకాంగ్ బృందం 2020లో చేసిన మొదటి పరిశీలనలో యాంటీబయాటిక్ ముట్టనివాళ్ల పేగుల్లోనూ మంచి బ్యాక్టీరియా తగ్గింది. వైరస్ ఒక దెబ్బ కొట్టింది, మందు దాని మీద ఇంకో దెబ్బ కొట్టింది. గ్యాస్‌కని ఏళ్ల తరబడి వేసే పాంటోప్రజోల్ లాంటి బిళ్లలు కూడా పేగు బ్యాక్టీరియాను మార్చేస్తాయని కొవిడ్‌కు ముందే తెలుసు.

టెన్షన్ అన్న మాటకు జవాబు 2023 అక్టోబరులో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి వచ్చింది. మనసు మీద, జ్ఞాపకం మీద ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. లాంగ్ కొవిడ్, అంటే జబ్బు తగ్గాక కూడా పోని బాధలు ఉన్నవాళ్ల రక్తంలో అది తగ్గిపోయిందని వాళ్లు చూపారు. మిగిలిపోయిన వైరస్ వల్ల వాపు ఆగదు, ఆ వాపు వల్ల సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను పేగు సరిగా పీల్చుకోదు. ఎలుకల్లో ఆ లోటు పేగుల్ని మెదడుతో కలిపే వేగస్ నరం ద్వారా మెదడుదాకా పోయి జ్ఞాపకశక్తిని తగ్గించింది. కడుపు బాగాలేక మనసు పాడవడం కూడా ఉందన్నమాట. చిన్నమ్మకు మాత్రం ప్రతిసారీ “టెన్షన్ తగ్గించుకో అమ్మా” అనే చెప్పారు.

కొవిడ్ వచ్చిన ప్రతివాళ్లకూ ఇట్లా కాదు. భారత్, బంగ్లాదేశ్‌లలో 280 మందిని ఆరు నెలలు గమనిస్తే 15 మందికి కొత్తగా ఐబీఎస్ అనే పేగు బాధ మొదలైంది. కొవిడ్ రాని 264 మందిలో అది ఒక్కరికే. వందలో అయిదుగురు చిన్న లెక్కే. సెకండ్ వేవ్‌లో మన జిల్లాల్లో ఎంతమందికి జబ్బు చేసిందో గుర్తున్నవాళ్లకు మాత్రం అది చిన్నదిగా కనిపించదు.

ఇక పొట్లాల సంగతి. హాంకాంగ్‌లోనే 463 మంది మీద ఆరు నెలలు నడిచిన ట్రయల్‌లో, ఎంపిక చేసిన మూడు రకాల బిఫిడోబాక్టీరియా ఇచ్చినవాళ్లకు నీరసం, మతిమరుపు, కడుపు బాధ తగ్గాయి. కాని ఆ పరిశోధకుల్లో కొందరు అలాంటి ఉత్పత్తులు అమ్మే కంపెనీలో వాటాదారులు. ఇక్కడ కౌంటర్ మీద దొరికే పొట్లాల్లో అవే రకాలు ఉంటాయన్న భరోసా లేదు. మంచి బ్యాక్టీరియాకు మేత పీచు పదార్థం. జొన్న గటక, రాగి అంబలి, పప్పులు మన ఇళ్లల్లో ఉన్నవే. వాటితో లాంగ్ కొవిడ్ నయమవుతుందని ఎవరూ నిరూపించలేదు గానీ, ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్ల వేసుకోవడం కన్నా అవి నయం.

పోయిన నెల చిన్నమ్మను ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ మీద వయసు, బరువు, బీపీ, షుగర్ రాశారు. కింద ‘గ్యాస్ట్రైటిస్’ అని రాసి మళ్లీ పాంటోప్రజోల్ ఇచ్చారు. కరోనా ఎప్పుడొచ్చింది, అప్పుడు ఏ మందులు వాడారు అని ఎవరూ అడగలేదు. స్టీలు డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది, అడిగితే చూపిద్దామని తెచ్చుకుంది.