శూన్యంలో కణాలు పుట్టి మాయమవుతున్నాయా?

హనుమకొండలో ఎమ్మెస్సీ విద్యార్థులకు క్వాంటం మెకానిక్స్ చెబుతాను. క్షేత్ర సిద్ధాంతం మొదలుపెట్టేలోపే, వీడియోల పుణ్యమా అని, సగం తరగతికి శూన్యంలో పుట్టి మాయమవుతాయని చెప్పే వర్చువల్ కణాల గురించి అంతా తెలిసిపోయి ఉంటుంది. ఆ తెలివిడిని వదిలించడానికే నా ఓపికలో సగం ఖర్చవుతుంది.

అపోహ: శూన్యంలో కణాల జంటలు నిరంతరం పుడుతూ, అంతలోనే మాయమవుతూ ఉంటాయి.

వాస్తవం: శూన్యం అంటే అంతటా వ్యాపించి ఉండే క్వాంటం క్షేత్రాల (వీటి ఉత్తేజాలే కణాలు) కనిష్ఠ శక్తి స్థితి. ఎంత కాలం గడిచినా అది మారదు. మారని స్థితిలో పుట్టడాలకూ చావడాలకూ చోటెక్కడిది? మరి శూన్యంలో హెచ్చుతగ్గులుంటాయనే మాటేమిటి? శూన్యంలో ఒకచోట విద్యుత్ క్షేత్రాన్ని పదేపదే కొలిచామనుకోండి. విలువల సగటు సున్నా వస్తుంది, వాటి వర్గాల సగటు మాత్రం సున్నా కాదు. కొలతల్లో కనిపించే ఆ చెదురునే హెచ్చుతగ్గులు అంటున్నాం. ఎవరూ కొలవనప్పుడు అక్కడేదో కుతకుతలాడుతోందని సిద్ధాంతం ఎక్కడా చెప్పదు.

ఇక వర్చువల్ కణాలు. రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడాన్ని ఉన్నపళంగా లెక్కించలేం కాబట్టి అనంత శ్రేణిగా విడగొట్టి, పదం తరువాత పదం కూడుతాం. ఒక్కో పదానికి ఒక్కో బొమ్మ (ఫైన్మన్ చిత్రం) గీసే పద్ధతిని భౌతిక శాస్త్రవేత్త ఫైన్మన్ 1940ల చివర్లో ఇచ్చారు. బోర్డు మీద రెండు ఎలక్ట్రాన్ గీతల మధ్య నేను గీసే అలలాంటి గీతే వర్చువల్ ఫోటాన్ (ఫోటాన్ అంటే కాంతి కణం). ఎనుమాముల మార్కెట్‌లో 98 బస్తాల మిర్చికి లెక్క కట్టే గుమస్తా ముందు వంద బస్తాల ధర వేసి, అందులోంచి రెండు బస్తాలది తీసేస్తాడు. లెక్క సరిపోతుంది. ఆ రెండు బస్తాలు యార్డులో ఎక్కడున్నాయని ఎవరూ వెతకరు. పైగా లెక్క పద్ధతి మారిస్తే ఈ గీతలు కూడా ఉండవు: ప్రోటాన్ ద్రవ్యరాశిని సూపర్ కంప్యూటర్లపై లాటిస్ పద్ధతిలో (స్థలకాలాన్ని చుక్కల వలగా తీసుకుని) రాబట్టేటప్పుడు ఫైన్మన్ చిత్రాల అవసరమే రాదు.

అపోహ: ఈ కణాలు అనిశ్చితి సూత్రం (కొన్ని జంట రాశులను ఒకేసారి కచ్చితంగా చెప్పలేమనే నియమం) చాటున శక్తిని అప్పు తెచ్చుకుని, గడువులోపు తీర్చేస్తాయి.

వాస్తవం: ఫైన్మన్ చిత్రంలో గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గరా శక్తి, ద్రవ్యవేగం (మొమెంటం) రెండూ పైసాతో సహా సరిపోతాయి. అప్పు లేదు, వడ్డీ లేదు. నిజమైన కణంలో శక్తికీ ద్రవ్యవేగానికీ ద్రవ్యరాశి ద్వారా ఉండే సంబంధాన్ని లోపలి గీతలు పాటించవు, అంతే.

అపోహ: కాసిమిర్ ప్రయోగంలో వర్చువల్ కణాలు పలకలను నెట్టడం చూశారు.

వాస్తవం: చూసింది బలాన్ని. విద్యుదావేశం లేని రెండు లోహపు పలకలు ఆకర్షించుకుంటాయని భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ 1948లో లెక్క తేల్చారు. పలకల మధ్య మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరం ఉంటే ఆ పీడనం వాతావరణ పీడనంలో దాదాపు పది కోట్లవ వంతు. దూరాన్ని సగం చేస్తే పదహారు రెట్లు పెరుగుతుంది. రెండు పలకలను అంత దగ్గరగా సమాంతరంగా నిలపడం మహా కష్టం. అందుకే 1997లో భౌతిక శాస్త్రవేత్త లామొరో ఒక పలకకు బదులు గోళాకార ఉపరితలాన్ని వాడి కొలిచారు. నాకు ఎక్కువ నచ్చేది 2005లో మరో భౌతిక శాస్త్రవేత్త జాఫీ ఎత్తిచూపిన విషయం: శూన్య శక్తి ఊసెత్తకుండా, లోహాల్లోని ఆవేశాలు, ప్రవాహాల మధ్య బలంగా లెక్కించినా అదే జవాబు వస్తుంది.

అపోహ: కృష్ణబిలం అంచున జంటలో ఒకటి లోపల పడి, రెండోది తప్పించుకోవడమే హాకింగ్ వికిరణం (కృష్ణబిలం నుంచి వెలువడుతుందని హాకింగ్ లెక్కించిన వికిరణం).

వాస్తవం: దాన్ని అక్షరాలా నమ్మవద్దని హాకింగే తన పరిశోధన పత్రంలో హెచ్చరించారు.

అపోహ: శూన్యం నుంచి ఉచిత కరెంటు తీయవచ్చు.

వాస్తవం: దీన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కనిష్ఠ స్థితి నుంచి ఇంకా తీయడానికి ఏమీ మిగలదు. 2011లో స్వీడన్‌లో ఒక సూపర్ కండక్టింగ్ సర్క్యూట్‌ను వేగంగా కదిలే అద్దంలా వాడి, శూన్యం నుంచి ఫోటాన్లు రాబట్టిన మాట నిజమే. వాటి శక్తి మాత్రం ఆ అద్దాన్ని కదిలించడానికి బయటి నుంచి పంపిన సంకేతం నుంచి వచ్చింది.